మా ఇంటి గేటు తాళం మా దగ్గర లేదు!

రాత్రి పదిన్నర. నేను హైదరాబాద్‌లో హాస్టల్ మంచం మీద, ల్యాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకుని ఉన్నా. అమ్మ విజయనగరం జిల్లాలో, చీపురుపల్లి దగ్గర మా ఊళ్ళో, ఒక చేత్తో ఫోనూ ఇంకో చేత్తో టార్చీ పట్టుకుని రౌటర్ ముందు నిలబడింది.

"అమ్మా, ఎన్ని లైట్లు వెలుగుతున్నాయి?"

"నాలుగు పచ్చవి. ఒకటి ఆరి ఆరి ఎలుగుతోంది. ఏటే, ఇంకా ఎంతసేపు నిలబడాల? పొద్దున్నే పొలానికెళ్ళాల."

అది నాలుగో రాత్రి. తాతయ్య సంవత్సరీకం ఇంకో వారం ఉంది.

తాతయ్య తప్పెటగుళ్ళు ఆడేవాడు. శ్రీకాకుళం, విజయనగరం వైపు వాళ్ళకి చెప్పక్కర్లేదు. మిగతావాళ్ళ కోసం: గుండెకి రేకు తప్పెట కట్టుకుని, రెండు చేతులతో వాయిస్తూ, గుంపుగా గెంతుతూ పాడే ఆట. సెలవులకి వెళ్ళినప్పుడల్లా నేను ఆయన పాటలు రికార్డ్ చేసేదాన్ని. అన్నీ కలిపి 60 జీబీ దాకా పోగయ్యాయి. స్క్రీన్ పగిలిన పాత ల్యాప్‌టాప్‌లో లినక్స్ వేసి, అందులో జెల్లీఫిన్ పెట్టి, ఇంట్లో ఓ మూల ఉంచా. అదే మా సర్వర్.

చెన్నైలో బిల్డింగ్ పనికెళ్ళిన బాబాయికి ఈసారి సెలవు దొరకలేదు. "నాన్న గొంతు ఇనాలనుందే" అన్నాడు. వాట్సాప్‌లో పంపొచ్చుగా అంటారేమో. రెండు పంపా. అన్నీ కావాలన్నాడు. డ్రైవ్‌లో ఉచితంగా వచ్చేది 15 జీబీ. అందుకే పోర్ట్ ఫార్వర్డింగ్ మీద పడ్డా.

విషయం సింపులే. ఇంట్లో ఎన్ని ఫోన్లున్నా, బయటి ప్రపంచానికి కనిపించేది రౌటర్ ఒక్కటే. బయటినుంచి ఎవరైనా తలుపు కొడితే ఎవరికోసం వచ్చారో దానికి తెలీదు, కాబట్టి వెనక్కి పంపేస్తుంది. "8096 అని అడిగినవాళ్ళని మూలనున్న ల్యాప్‌టాప్ దగ్గరికి పంపు" అని మనం ముందే చెప్పి ఉంచడమే పోర్ట్ ఫార్వర్డింగ్. 8096 జెల్లీఫిన్ వాడే పోర్ట్ నంబర్. ఆ ల్యాప్‌టాప్‌లో ఎనీడెస్క్ ఉంది కాబట్టి హాస్టల్ నుంచే దాని బ్రౌజర్‌లో 192.168.1.1 కొట్టి, రౌటర్ పేజీ తెరిచి, రూల్ రాసేశా. ఐదు నిమిషాల పని.

పనిచెయ్యలేదు.

మొదటి తప్పు కరెంటుది. మధ్యాహ్నం కరెంటు పోయి వచ్చాక రౌటర్ మళ్ళీ లేచి, ల్యాప్‌టాప్‌కి కొత్త నంబరిచ్చింది. నేను 192.168.1.7 కి పంపమని రాస్తే, అది 192.168.1.12 అయి కూర్చుంది. అడ్రస్ రిజర్వేషన్ అని రౌటర్‌లో ఒక ఆప్షన్ ఉంటుంది. ముందు అది పెట్టుకోండి, తర్వాతే రూల్ రాయండి. మా వైపు కరెంటు సంగతి తెలిసి కూడా నేను పెట్టలేదు చూడండి!

రెండోది లినక్స్ ఫైర్‌వాల్. దాంట్లో కూడా 8096 కి అనుమతి ఇచ్చా. అమ్మ తన ఫోన్‌లో ఇంటి వైఫై మీద తెరిస్తే తాతయ్య పాట మోగింది. "వచ్చేసిందే!" అని సంబరపడింది. వైఫై ఆపి, మొబైల్ డేటాతో బయటి అడ్రస్ కొట్టమన్నా. తెల్ల స్క్రీన్. ఇంట్లో కూర్చుని చేసే టెస్టులో ఇదే మోసం. మీ సర్వర్ బయటివాళ్ళకి కనిపిస్తోందో లేదో ఎప్పుడూ బయటినుంచే చూడాలి.

ఇక్కడ నేనొక వెధవ పని చేశా. విసుగెత్తి, రౌటర్‌లో డీఎంజెడ్ ఆన్ చేశా. అంటే ఒక్క పోర్ట్ కాదు, ఎవరే నంబరు అడిగినా ల్యాప్‌టాప్ దగ్గరికి పంపమని. దాని పాస్‌వర్డేమో తాతయ్య పేరు పక్కన 123! 2016లో మిరాయ్ అనే మాల్‌వేర్ ప్రపంచమంతా సీసీ కెమెరాలనీ రౌటర్లనీ పట్టుకుంది సరిగ్గా ఇలాంటి పాస్‌వర్డుల వల్లే. కంపెనీవాళ్ళు పెట్టిన పాస్‌వర్డ్ మార్చని పరికరాలవి. వాటితో ఆ ఏడాది అక్టోబర్ 21న డిన్ అనే సంస్థ మీద దాడి చేస్తే ట్విటర్, నెట్‌ఫ్లిక్స్ లాంటివే చాలామందికి అందకుండా పోయాయి.

అయినా నా పేజీ తెరుచుకోలేదు. అప్పుడు చూశా, మొదటి రోజే చూడాల్సిన నంబర్. రౌటర్ పేజీలో వాన్ ఐపీ 100.72 తో మొదలవుతోంది. గూగుల్‌లో "నా ఐపీ ఏంటి" అని అడిగితే వేరే నంబరొచ్చింది. రెండూ ఒకటి కాకపోతే మీ రౌటర్ పైన ఇంకో రౌటర్ ఉన్నట్టే.

కారణం పాతది. ఐపీవీ4 అడ్రస్‌లు మొత్తం సుమారు 430 కోట్లు. ప్రపంచ నిల్వలోని చివరి కట్టలు 2011 ఫిబ్రవరిలో పంచేశారు. అందుకే నెట్ కంపెనీలు ఒక్క అడ్రస్‌నే చాలా ఇళ్ళకి కలిపి ఇస్తాయి. దాన్ని సీజీనాట్ అంటారు. 100.64 నుంచి 100.127 దాకా అడ్రస్‌లని 2012లో దీనికోసమే కేటాయించారు. మీ వాన్ ఐపీ ఆ మధ్యలో ఉంటే, మీరు ఇంటి తలుపు ఎంత బార్లా తీసినా లాభం లేదు. వీధి గేటు తాళం కంపెనీ దగ్గరుంది. నాకు చిరాకు తెప్పించిన ఆ గేటే, నేను డీఎంజెడ్ తెరిచిన రాత్రి మా ల్యాప్‌టాప్‌ని కాపాడింది.

కంపెనీకి ఫోన్ చేశా. "నెట్ వస్తోంది కదా మేడమ్?" అన్నారు. వస్తోంది. నేనే లోపలికి వెళ్ళలేకపోతున్నా! పబ్లిక్ ఐపీ కావాలంటే విడిగా డబ్బు కట్టాలన్నారు. ఐపీవీ6 ఉంటే ఈ గోల ఉండదు, ఫైర్‌వాల్‌లో అనుమతిస్తే చాలు. మా ఊరి కనెక్షన్‌లో అది లేదు.

మరి ఎనీడెస్క్ ఎలా పనిచేస్తోంది? ఈ ప్రశ్న నాకు నాలుగో రాత్రి తట్టింది. బయటివాళ్ళు లోపలికి రాలేరు గానీ, లోపలివాళ్ళు బయటికి వెళ్ళొచ్చు. ల్యాప్‌టాపే ముందుగా బయటి సర్వర్‌కి ఫోన్ కలిపి ఉంచుతోంది. ఆ దారిలోనే నేను వెళ్తున్నా. టెయిల్‌స్కేల్ చేసేదీ ఇంచుమించు అదే. సొంతానికి వాడుకుంటే ఉచితం. ల్యాప్‌టాప్‌లో వేశా, బాబాయి ఫోన్‌లో వేయించా. అదిచ్చే అడ్రస్ కూడా 100 తోనే మొదలవుతుంది, చూసి కంగారుపడకండి. తర్వాత డీఎంజెడ్ ఆపా, రూల్ తీసేశా, పాస్‌వర్డ్ మార్చా.

ఇంకో పని కూడా చేశా. 60 జీబీనీ ఒక హార్డ్‌డిస్క్‌లోకి ఎక్కించి హైదరాబాద్ తెచ్చుకున్నా. 2014లో హుద్‌హుద్, 2018లో పలాస దగ్గర తీరం దాటిన తిత్లీ చూసినవాళ్ళం. మా వైపు ఇంటర్నెట్ కేబుళ్ళు కరెంటు స్తంభాల మీదే వేలాడుతుంటాయి. స్తంభం పడితే సర్వర్ ఎంత బాగున్నా ఒకటే.

సంవత్సరీకం రాత్రి తొమ్మిదింటికి బాబాయి వినడం మొదలుపెట్టాడు. పదకొండు దాటాక ఫోన్ చేశాడు.

"ఇదిగో గుంటా, మూడో పాటలో ఎనకాల దగ్గు ఇనబడతంది కదా, అది నేనే. ఆ రోజు నాకు జొరం. అయినా ఆడించాడు మీ తాత."