నగరి ముక్కుకు చుట్టం గండికోట

నగరి నుంచి గండికోటను ఒక్కరోజులో చూసి రావాలంటే తెల్లారక ముందే బయలుదేరాలి. పుత్తూరు, కడప, జమ్మలమడుగు దాటాలి. అంత దూరం పోయి లోయ అంచున ఫొటో దిగి వచ్చేస్తే సగం కూడా చూసినట్టు కాదు. ఎర్రమల కొండల్ని పెన్న కోసిన ఆ లోయ గోడల్లో పలకలు పేర్చినట్టున్న రాయి ఒకనాటి ఇసుకే; అది గట్టిపడి క్వార్ట్‌జైట్ అయింది. ఇది కడప శిలల వంశం; మన నగరి ముక్కు కొండదీ అదే వంశం. భూగర్భశాస్త్రంలో ‘నగరి క్వార్ట్‌జైట్’ అనే పేరే ఉంది. ఈ చుట్టరికం విప్పి చెప్పడానికే గైడు కావాలి.

ఫోనుండగా గైడుకు డబ్బు దండగ అనేవారున్నారు. దారి వరకు ఫోను చాలు. మాధవరాయస్వామి గుడి, జుమ్మా మసీదు, ధాన్యాగారం చూశాక లోయ అంచుకు ఎటు నడవాలో, ఏ రాయి మీద కాలు నిలవదో స్థానికులకే తెలుసు. అంచు పొడవునా కంచె లేదు కాబట్టి గైడు తోడు ఉండాలి. ఎండలు ముదరక ముందే, పిల్లల్ని వెంటబెట్టుకుని వెళ్లండి.