మీ ఊరి పేరే మీ తొలి పరిశోధన వ్యాసం!

ఇంటర్వ్యూలో ‘మీ గురించి చెప్పండి’ అనగానే ఎవరైనా మొదట చెప్పేవి రెండే: పేరు, ఊరు. ఆ రెండింటినీ అధ్యయనం చేయడానికే ఓ శాస్త్రం ఉంది. దాని పేరు నామవిజ్ఞానం. ఊళ్లు, వీధులు, చెరువులు, ఇంటిపేర్లు, మనుషుల పేర్లు, చివరికి దుకాణాల బోర్డులు కూడా దీని కిందికే వస్తాయి. ల్యాబ్ అక్కర్లేదు. ఖరీదైన పరికరాలూ అక్కర్లేదు. నోటు పుస్తకం, ఓపిక, నాలుగు ఊళ్లు తిరిగే కాళ్లు ఉంటే చాలు.

‘దీనివల్ల ఉద్యోగం వస్తుందా సార్?’ అని అడుగుతారని తెలుసు. ‘నామవిజ్ఞాని కావలెను’ అని ప్రకటన ఎక్కడా రాదు. కానీ పీజీ, పీహెచ్‌డీ ఇంటర్వ్యూల్లో సొంతంగా సమాచారం సేకరించి రాసిన ఒక్క వ్యాసం చూపిస్తే, మాట్లాడటానికి మీ దగ్గర సరుకు ఉన్నట్టే. నిఘంటువులు, ఆర్కైవ్స్, మ్యాపులు, అనువాదం, తెలుగు భాషా సాంకేతికత... ఈ పనులన్నింటికీ పేర్లను సరిగ్గా చదివి, సరిగ్గా రాసేవాళ్లు కావాలి. కథకుడిగా అందరికీ తెలిసిన కేతు విశ్వనాథరెడ్డి డాక్టరేట్ తీసుకున్నది కడప జిల్లా ఊర్ల పేర్ల మీదే.

అంశం చిన్నది... ప్రశ్న సూటిది

‘తెలుగునాట ఊర్ల పేర్లు’ అని మొదలుపెడితే వ్యాసం ఎప్పటికీ పూర్తికాదు. ఒక మండలం తీసుకోండి. ఒకే ప్రశ్న వేసుకోండి. హైదరాబాద్‌లో రోజూ మాసాబ్‌ట్యాంక్ అంటాం. బస్సు దిగితే ట్యాంక్ కనిపించదు. ‘మా సాహెబా తలాబ్’ అరిగి మాసాబ్ అయింది, చెరువు పోయి పేరు మిగిలింది. మీ మండలంలో చెరువు, కుంట, మడుగు అని ముగిసే పేర్లెన్ని? వాటిలో ఇవాళ నీళ్లున్నవి ఎన్ని? ఇది చక్కటి వ్యాసానికి సరిపోయే ప్రశ్న. దీనికి జవాబు తెలిసిన పెద్దవాళ్లు ఏటేటా తగ్గిపోతున్నారు కాబట్టి తొందరపడాల్సిన ప్రశ్న కూడా.

ఉత్తరాంధ్రలో ‘వలస’, డెల్టాల్లో ‘లంక’, తెలంగాణలో ‘తండా’... ఏ ప్రాంతంలో ఉన్నా మీకో అంశం దొరుకుతుంది.

సమాచారం ఎక్కడ?

* జిల్లా సెన్సస్ హ్యాండ్‌బుక్: గ్రామాల జాబితా ఇక్కడి నుంచే మొదలుపెట్టండి.
* అడంగల్, పహాణీలు, పాత గ్రామ పటాలు: వాడుకలో లేని పేర్లు కూడా వీటిలో కనిపిస్తాయి.
* శాసన సంపుటాలు, కైఫీయత్తులు: పేరు పాత రూపం తెలియాలంటే ఇవే ఆధారం. కల్నల్ కాలిన్ మెకంజీ సేకరింపజేసిన కైఫీయత్తుల్లో ఊళ్ల చరిత్ర, పేరు వెనకున్న కథ రెండూ దొరుకుతాయి.
* ఊరి పెద్దలు: బోర్డు మీద రాసిన పేరు వేరు, నోటితో పలికే పేరు వేరు. రెండూ రాసుకోండి.

ప్రతి పేరుకూ ఒక వరుస కేటాయించి పట్టిక వేయండి. రాత రూపం, పలుకుబడి, పాత రూపం, ఆధారం, చెప్పినవారి వయసు, తేదీ ఉండాలి. ‘ఎవరో చెప్పారు’ అనేది ఆధారం కాదు.

కథను కథగానే రాయండి

ఎక్కువమంది బోల్తాపడేది ఇక్కడే. ప్రతి ఊరికీ ఒక కథ ఉంటుంది. రాముడు వచ్చి ఆగాడనో, రాజుగారు గుర్రం దిగారనో చెబుతారు. విని రాసుకోండి, కానీ దాన్నే పేరు పుట్టుకగా తేల్చేయకండి. దాన్ని జనవ్యుత్పత్తి అంటారు. జనం తమ ఊరిని ఎలా చూసుకుంటున్నారో అది చెబుతుంది. పేరు ఎలా పుట్టిందో చెప్పాలంటే పాత రూపాలు కావాలి.

సంస్కృత రూపం కనిపించగానే అదే అసలు పేరు అనుకోవడం ఇంకో పొరపాటు. శాసనాల్లో గుంటూరును గర్తపురి అన్నారు. గర్తం అంటే గుంట. ఓరుగల్లు ఏకశిలానగరం అయింది. ఇక్కడ తెలుగు పేరునే సంస్కృతంలోకి మార్చారన్నది కనిపిస్తూనే ఉంది. ‘గుంట’ అనగానే నీటిగుంట అనీ రాసేయకండి. ఎకరానికి 40 గుంటలన్న భూమి కొలత కూడా ఉంది. ఏదో తేల్చేది నేల, రికార్డు.

ఇంటిపేర్ల మీద పనిచేస్తే మరింత జాగ్రత్త అవసరం. మన దగ్గర ఇంటిపేరు చాలాసార్లు కులాన్ని బయటపెడుతుంది. అనుమతి అడగండి, వివరాలు చెప్పినవారి పేర్లు వ్యాసంలో వేయకండి.

వ్యాసం ఇలా...

మొదట ప్రశ్న. తర్వాత ఇంతకుముందు ఎవరేం రాశారు, మీరు సమాచారం ఎలా సేకరించారు, ఏం దొరికింది, దాన్నిబట్టి ఏం చెప్పగలరు, ఏం చెప్పలేరు. ఈ వరుస తప్పకండి. ‘చాలా ఊళ్లు’ అనొద్దు, ఎన్నిట్లో ఎన్నో అంకె రాయండి. సారాంశాన్ని అన్నీ అయ్యాక చివర్లో రాయండి. అందులో ప్రశ్న, పద్ధతి, ఫలితం మూడూ ఉండాలి.

ఇంగ్లిష్‌లో రాస్తే తెలుగు పేర్ల అక్షరాలతో పేచీ వస్తుంది. మామూలు ఇంగ్లిష్ స్పెల్లింగ్‌లో ల, ళ ఒకటైపోతాయి, పొట్టి పొడుగు అచ్చుల తేడా పోతుంది. ఐఎస్‌ఓ 15919 లాంటి ఒక పద్ధతి ఎంచుకుని మొదటి పేజీ నుంచి చివరిదాకా దాన్నే పాటించండి.

ఎక్కడికి పంపాలి?

1951లో ఏర్పడిన అమెరికన్ నేమ్ సొసైటీ ‘నేమ్స్’ పత్రికను తెస్తోంది. 2021 నుంచి ఇది ఓపెన్ యాక్సెస్, చదవడానికి డబ్బు కట్టక్కర్లేదు. అంతర్జాతీయ నామవిజ్ఞాన మండలి పత్రిక ‘ఒనోమా’. మన దేశంలో ఊరిపేర్ల పరిశోధన ఎలా సాగిందో తెలియాలంటే మైసూరు కేంద్రంగా ఉన్న స్థలనామ సంఘం పత్రిక ‘స్టడీస్ ఇన్ ఇండియన్ ప్లేస్ నేమ్స్’ పాత సంచికలు చదవండి. పంపేముందు ఆ పత్రికలో వచ్చిన ఐదు వ్యాసాలైనా చదవాలి. మీ అంశం అక్కడ ఇముడుతుందో లేదో మీకే తెలుస్తుంది.

‘మూడు రోజుల్లో ప్రచురిస్తాం, ఇంత కట్టండి, సర్టిఫికెట్ ఇస్తాం’ అని వాట్సాప్‌లో మెసేజ్ వస్తే దూరంగా ఉండండి. ఇంట్లో అడిగి తెచ్చుకున్న డబ్బు పోతుంది. ఆ వ్యాసం రేపు బయోడేటాలో ఉపయోగపడదు సరికదా, మచ్చగా మిగులుతుంది. ఐఎస్‌ఎస్‌ఎన్ నంబరు ఉన్నంత మాత్రాన మంచి పత్రిక కాదు. యూజీసీ కేర్ జాబితా 2025లో నిలిచిపోయింది కాబట్టి మంచిచెడ్డలు మనమే చూసుకోవాలి. సంపాదకవర్గంలో ఎవరున్నారు, సమీక్ష ఎలా జరుగుతుంది, పాత సంచికలు ఎలా ఉన్నాయి అన్నది చూడండి. పీహెచ్‌డీ థీసిస్ ఇవ్వడానికి ముందే వ్యాసం అచ్చవ్వాలన్న నిబంధనను యూజీసీ 2022లోనే తీసేసింది. హడావుడిగా కొనుక్కోవాల్సిన అవసరం లేదు.

పంపాక...

సమీక్షకులకు రచయిత ఎవరో తెలియకూడదని పత్రిక అడిగితే, వ్యాసంలోనే కాదు, ఫైల్ వివరాల్లోనూ మీ పేరు తీసేయండి. ఉచితంగా వచ్చే ఆర్కిడ్ ఐడీ చేసుకోండి. ఒకే వ్యాసాన్ని ఒకేసారి రెండు పత్రికలకు పంపకండి, అది తప్పు కిందే లెక్క. జవాబుకు నెలలు పట్టొచ్చు.

‘మార్పులు చేయండి’ అని వస్తే అది మంచి వార్తే. ప్రతి వ్యాఖ్యకూ ఏం మార్చారో, మార్చకపోతే ఎందుకో వరుసగా రాసి పంపండి. తిరస్కరిస్తే రెండు రోజులు బాధపడండి, మూడో రోజు సమీక్ష మళ్లీ చదవండి. మీ వ్యాసాన్ని అంత శ్రద్ధగా చదివి, ఫీజు లేకుండా తప్పులు చెప్పేవాళ్లు ఇంకెక్కడ దొరుకుతారు?

ఈ ఆదివారం ఊరెళితే తాతనో అమ్మమ్మనో అడగండి: ‘మన పొలాన్ని ఏమని పిలిచేవాళ్లు?’ పాసుపుస్తకంలో సర్వే నంబరే ఉంటుంది. ఆ పేరు మాత్రం వాళ్ల నోట్లోనే ఉంటుంది. మీ పట్టికలో మొదటి వరుస అదే.