గుండె మాత్రలు – మందుల షాపు వారి సాయము

గుండెకు స్టెంటు వేయించుకొని ఇల్లు చేరినవారికి సాధారణముగా రెండు మాత్రలు వ్రాసి యిత్తురు. ఒకటి ఆస్పిరిన్, రెండవది క్లోపిడోగ్రెల్ గాని, టికాగ్రెలార్ గాని. ఇవి రక్తమును పలుచన చేయునని మనము వాడుకగా అందుము. నిజమునకు రక్తములోని ప్లేట్‌లెట్లనెడి కణములు ఒకదానికొకటి అంటుకొని గడ్డ కట్టకుండ ఇవి ఆపును. కొత్త స్టెంటులో గడ్డ కట్టినచో మరల గుండెపోటు వచ్చును, ప్రాణమునకే ముప్పు.

నొప్పి తగ్గినది గదా యని మాత్రలు మానుటలోనే ప్రమాదమున్నది. మానిన నాడు ఏమియు తెలియదు. గుండెపోటు వచ్చినవారు రెండు మాత్రలను సాధారణముగా ఒక సంవత్సరము వాడవలసియుండును. ఎప్పుడు మానవలెనో డాక్టరే చెప్పవలెను.

డాక్టరును మనము ఎన్ని నెలలకో ఒకసారి చూతుము. మందుల షాపునకు నెలనెలా పోవుదుము. ఫార్మసిస్టు కేవలము అట్టలు లెక్కబెట్టి ఇచ్చువాడు కాడు. రోగికి మందు వాడుక వివరించుట ఆయన పనియేనని 2015 నాటి ఫార్మసీ ప్రాక్టీసు నిబంధనలు చెప్పుచున్నవి. కావున అడుగుటకు మొగమాటము వలదు.

అడుగవలసినవి ఇవి. ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ కలిసిన మాత్రలు కూడ వచ్చుచున్నవి. అట్టి మాత్రతోబాటు పాత ఆస్పిరిన్ అట్టను కూడ వాడినచో మోతాదు హెచ్చును. కీళ్ల నొప్పులకు కొనుక్కొను ఐబుప్రొఫేన్ ఆస్పిరిన్ పనికి అడ్డు తగులును, రక్తస్రావమును పెంచును. కడుపు మంటకు వేసికొను ఒమిప్రజోల్ క్లోపిడోగ్రెల్ బలమును తగ్గించును. అందుచేత ఇంటనున్న అట్టలన్నియు ఒక సంచిలో వేసికొని పోయి చూపించుట మంచిది. మలము నల్లగా నైనను, చిగుళ్ల రక్తము ఆగకున్నను వెంటనే డాక్టరును చూడవలెను. పన్ను తీయించుకొనుటకు ముందు మాత్ర ఆపవలెనా యనునది కూడ ఆయననే అడుగవలెను.

మన పెద్దలు ఇంట తెలుగు, వీధిలో కన్నడమో తమిళమో ఒరియాయో మాటలాడుదురు. అట్టమీది ఇంగ్లీషు మాత్రము చాలమందికి కొరుకుడు పడదు. షాపువారు ఆ ఊరి భాషలో చెప్పినదానిని ఇంటి పిల్లలు తెలుగులో ఒక కాగితముపై వ్రాసి, మందుల డబ్బాకు అంటింపవలెను. ఖరీదు భరింపలేక మాత్ర మానదలచువారు ఆ మాట దాచక ఫార్మసిస్టుతో చెప్పవలెను. అదే మందు జన ఔషధి కేంద్రములలో తక్కువ ధరకు దొరకుచున్నది.

స్టెంటు వేయించుకొన్న వారున్న ప్రతి ఇంటను ఈ నెల మందులు కొనునప్పుడే ఈ పని చేయవలెనని మా మనవి.