మొదటి ప్రోగ్రామింగు పుస్తకం ఎలా ఎంచుకోవాలి?

మీ ఇంట్లో పట్టాదారు పాసు పుస్తకం ఉంటే పెద్దవాళ్లనడిగి ఒకసారి చూడండి. విస్తీర్ణం అన్నచోట 2.20 అని ఉందనుకోండి. అది రెండు ఎకరాల ఇరవై గుంటలు, అంటే రెండున్నర ఎకరాలు. నల్లగొండలోనైనా పాలమూరులోనైనా నలభై గుంటలు ఒక ఎకరం కదా! ఆ చుక్క మనం లెక్కల తరగతిలో నేర్చుకున్న దశాంశ బిందువు కాదన్నమాట. కోస్తా జిల్లాలలో ఎకరానికి నూరు సెంట్లు గనుక అక్కడ 2.20 అంటే నిజంగానే 2.2 ఎకరాలు.

ఒక రైతుకు ఒకచోట 1.30, మరొకచోట 1.20 భూమి ఉంది. మొత్తం ఎంత? ఈ రెండింటినీ కూడమని కంప్యూటరుకు చెబితే క్షణంలో 2.50 విలువను ఇస్తుంది. రెండు ఎకరాల యాభై గుంటలా? అలా ఎవరూ రాయరు. సరైన జవాబు 3.10. తప్పు కంప్యూటరుది కాదు, కూడమన్నాం, కూడింది. ముందుగా అన్నిటినీ గుంటలలోకి మార్చుకోవాలి. 1 × 40 + 30 = 70. 1 × 40 + 20 = 60. మొత్తం 130 గుంటలు. దీన్ని 40తో భాగిస్తే భాగఫలం 3 ఎకరాలు, శేషం 10 గుంటలు. ఈ మెట్లను కంప్యూటరుకు తెలిసిన భాషలో వరుసగా రాస్తే అదే ప్రోగ్రాము.

ప్రోగ్రామింగులో కష్టమైన పని ఈ మెట్లను కనిపెట్టడమే. చుక్కలు, కామాలు, బ్రాకెట్లు ఎక్కడ పెట్టాలన్నది తర్వాతి సంగతి. కాని చాలా పుస్తకాలు ఆ రెండవదానితోనే మొదలై దానితోనే ముగుస్తాయి. కొనే ముందు మధ్యలో ఏదో ఒక పేజీ తెరవండి. ప్రోగ్రాముకు ముందు, ఈ లెక్కను ఎలా ఆలోచించాలో నాలుగు మాటలు ఉన్నాయా? అధ్యాయం చివర మీరు సొంతంగా చేయవలసిన లెక్కలున్నాయా, లేక నిర్వచనాలు రాయమనే ప్రశ్నలేనా? అట్ట మీది బొమ్మ కన్నా, ఇన్ని రోజులలో నేర్పేస్తామనే హామీ కన్నా ఇవి ముఖ్యం.

తర్వాత పుస్తకం అచ్చయిన సంవత్సరం చూడాలి. లెక్కల పుస్తకం పాతదైతే నష్టం లేదు. పైథాగరస్ సిద్ధాంతం మారదు. ప్రోగ్రామింగు భాషలు మాత్రం మారుతుంటాయి. 1987లో బోర్లాండ్ కంపెనీ టర్బో సి అనే సాధనాన్ని విడుదల చేసింది. మన దేశపు కళాశాలల్లో అది ఏళ్ల తరబడి నిలిచిపోయింది. అందుకే ఎన్నో పుస్తకాలలో ప్రోగ్రాము 'వాయిడ్ మెయిన్' అని మొదలవుతుంది, తెరను తుడిచేందుకు 'క్లర్‌స్క్రీన్' అని ఉంటుంది. ఇవి సి భాష ప్రమాణంలో లేవు. నేటి సాధనాలలో తెర తుడిచే ఆ ఆజ్ఞ సాధారణంగా పనిచేయదు. టర్బో సి లో పూర్ణాంకాలకు 16 బిట్ల చోటే ఉండేది. 32,767 దాటితే పట్టదు. అందుకే 200ను 200తో గుణిస్తే 40,000కు బదులు −25,536 కనిపించేది!

పైథాన్ పుస్తకాలలోనూ ఇలాంటి చిక్కు ఉంది. 2008లో వచ్చిన పైథాన్ 3, అంతకు ముందరి పైథాన్ 2 ఒకటి కావు. పైథాన్ 2కు మద్దతు 2020 జనవరి 1తో ఆగిపోయింది. పాతదానిలో 130ని 40తో మామూలుగా భాగిస్తే 3 వచ్చేది. కొత్తదానిలో 3.25 వస్తుంది. మన పాసు పుస్తకం లెక్కలో 3.25 అంటే మూడెకరాల ఇరవై అయిదు గుంటలు. చూశారా, పదిహేను గుంటలు ఎక్కువ! కొత్తదానిలో భాగఫలం మాత్రమే కావాలంటే రెండు గీతల గుర్తు వాడాలి. పుస్తకం ఏ పైథానుదో గుర్తించడం సులువు: ప్రింట్ అనే మాట తర్వాత బ్రాకెట్లుంటే దాదాపుగా కొత్తదే.

అడగడానికి దగ్గరలో ఎవరూ లేని పిల్లలకు ఈ జాగ్రత్త మరీ అవసరం. దేవరకొండలోనో, అచ్చంపేటలోనో ఒక అమ్మాయి పాత పుస్తకం చూసి ఉన్నదున్నట్టు టైపు చేస్తుంది. తెర మీద తప్పు అని వస్తుంది. ఆమె పుస్తకాన్ని అనుమానించదు. తన బుర్రనే అనుమానించుకొని మానేస్తుంది.

మరి పేరు మోసిన పుస్తకం కొంటే సరిపోదా? 1978లో కెర్నిహాన్, రిచీ కలిసి రాసిన సి పుస్తకం ప్రపంచ ప్రసిద్ధం. అయితే అది కొత్తగా ప్రోగ్రామింగు నేర్చుకునేవారి కోసం కాదని రచయితలే ముందుమాటలో చెప్పారు. మంచి పుస్తకమే, మొదటి పుస్తకం మాత్రం కాదు.

తెలుగు మాధ్యమంలో చదివేవారు ఇంగ్లీషుకు జంకనక్కరలేదు. పైథాన్ తనకోసం కేటాయించుకున్న మాటలు నలభై లోపే. పైథాన్ 3లో రాశుల పేర్లను తెలుగులోనే పెట్టుకోవచ్చు; ఎకరాలు = 3 అని రాసినా అది ఒప్పుకుంటుంది. వివరణ మీకు బాగా అర్థమయ్యే భాషలో ఉంటే చాలు. వీలైతే గ్రంథాలయంలో రెండు మూడు పుస్తకాలు తిరగేసి, ఒకే విషయాన్ని ఏది ఎలా చెప్పిందో పోల్చాక కొనండి.

ఈలోగా కాగితం మీద ఒక లెక్క చేయండి. పై రైతు 3.10 భూమిని ముగ్గురు పిల్లలకు సమానంగా పంచాలి. 130ని 3తో భాగిస్తే ఒక్కొక్కరికి 43 గుంటలు, అంటే 1.03. ఒక గుంట మిగులుతుంది. గుంటకు 121 చదరపు గజాలు. ఆ గుంటను కూడా గజాలలో పంచి చూపే ప్రోగ్రాముకు మెట్లు రాయండి. చివరికి ఎన్ని గజాలు మిగులుతాయి?