నిరహంకార నాయకత్వం: హైదరీ మంజిల్ నేర్పిన పాఠం

దేశం ప్రశాంతంగా ఉన్నపుడు నాయకత్వం వహించడం అంత కష్టం కాదు. ప్రజలు భయానికీ, పగకూ లోనై ఉన్న వేళలోనే నాయకుని నిజమైన స్వరూపం బయటపడుతుంది. అట్టి సమయంలో జనావేశాన్ని తన ఎదుగుదలకు మెట్టుగా వాడుకోవాలనే ప్రలోభం ఒకవైపు, ఎవరేమైనా తన మాటే నెగ్గాలనే పంతం మరొకవైపు అతనిని వెంటాడుతాయి. రెండింటికీ మూలం అహంకారమే. దానికి లొంగక, అనుక్షణం తన్ను తాను పరీక్షించుకొంటూ ప్రజలను నడిపించడం సాధ్యమేనా? 1947 ఆగస్టు, సెప్టెంబరు మాసాలలో కలకత్తాలో గాంధీజీ గడిపిన రోజులు ఈ ప్రశ్నకు సమాధానం చెబుతాయి.

గాయపడిన నగరం

1946 ఆగస్టు 16వ తేదీన ముస్లిం లీగు 'ప్రత్యక్ష చర్య దినం' పాటించింది. ఆనాడు మొదలైన మారణకాండలో కొద్ది రోజులలోనే వేలాది హిందువులు, ముస్లిములు హతులయ్యారు. ఆ చిచ్చు తూర్పు బెంగాలులోని నౌఖాలీకీ, ఆపైన బీహారుకూ ప్రాకింది. ఏడాది గడచినా కలకత్తాలో గాయం మానలేదు. బెంగాలు విభజన ఖాయమైన తరువాత నగరంలోని ముస్లిములను భయం ఆవరించింది.

1947 ఆగస్టు 9న, నౌఖాలీకి పోతూ, గాంధీజీ నగర శివారులోని సోదేపూర్ ఆశ్రమంలో దిగారు. కలకత్తాలోనే ఆగవలసిందిగా ముస్లిం ప్రముఖులు ఆయనను వేడుకొన్నారు. నౌఖాలీలో అల్పసంఖ్యాకులైన హిందువుల క్షేమానికి వారు పూచీ పడితే ఆగుతానన్నారు గాంధీజీ. ఇక్కడి వారి రక్షణనూ, అక్కడి వారి రక్షణనూ ఆయన వేరువేరుగా చూడలేదు.

ఒకే కప్పు క్రింద

1946లో బెంగాలు ప్రధానిగా ఉన్న హుసేన్ షహీద్ సుహ్రావర్దీని ఆ మారణకాండకు బాధ్యునిగా హిందువులు భావించేవారు. అటువంటి వ్యక్తినే గాంధీజీ తనకు తోడుగా ఎంచుకొన్నారు. సైనికుల, పోలీసుల రక్షణ కోరకుండా ఇరువురూ ఒకే ఇంట నివసించాలని షరతు పెట్టి, ఆలోచించుకొనేందుకు వ్యవధి కూడా ఇచ్చారు. సుహ్రావర్దీ అంగీకరించారు. ఆగస్టు 13న ఇద్దరూ బెలియాఘాటాలో శిథిలావస్థలో ఉన్న హైదరీ మంజిల్ అనే ముస్లిం గృహంలో ప్రవేశించారు.

అక్కడ వారికి ఎదురైనవి పూలమాలలు కావు, రాళ్లు. హిందూ యువకులు వెనక్కు వెళ్లమని కేకలు వేశారు, కిటికీ అద్దాలు పగులగొట్టారు. నిరుడు హిందువులు చనిపోతున్నపుడు రాని మీరు నేడు ముస్లిముల కోసం ఎందుకు వచ్చారని నిలదీశారు. గాంధీజీ వారిని తరిమివేయించలేదు. వారి ప్రతినిధులను లోనికి పిలిచి, నిందలన్నీ విని, ఓపికతో సమాధానం చెప్పారు. మరునాడు మళ్లీ మాట్లాడారు. ఆ యువకుల మనస్సు మారింది.

14వ తేదీ రాత్రి మరొక పరీక్ష ఎదురైంది. నిరుటి ఘోరానికి బాధ్యులు మీరు కారా అని జనం సుహ్రావర్దీని ప్రశ్నించారు. బాధ్యత అందరిదీ అని మొదట తప్పించుకోజూసినా, జనం మరల గట్టిగా అడగగా అది తన బాధ్యతేనని ఆయన ఒప్పుకొన్నారు. ఆ మాటతో జనం చల్లబడ్డారు. అధికారం చెలాయించిన మనిషి పదిమంది ఎదుట తప్పు అంగీకరించడం ఎంతటి శాంతి సాధనమో ఆ రాత్రి రుజువయింది.

దేశమంతటా ఉత్సవాలు జరుగుతున్న ఆగస్టు 15న గాంధీజీ ఉపవాసముండి, రాట్నం వడికారు. దర్శనానికి వచ్చిన పశ్చిమ బెంగాలు మంత్రులను, అధికారం మనిషిని చెడగొడుతుంది, జాగ్రత్త అని హెచ్చరించారు. ఆనాడు హిందువులు, ముస్లిములు వీధులలో ఆలింగనాలు చేసుకొన్నారు. దీనిని మహాద్భుతమని అందరూ కొనియాడగా, ఆ ఘనత తనది కాదన్నారు గాంధీజీ.

అద్భుతం భగ్నమైనపుడు

ఆగస్టు 31 రాత్రి ఒక గుంపు కట్లు కట్టిన ఒక మనిషిని వెంటబెట్టుకొని హైదరీ మంజిల్ లోనికి చొరబడింది. గాంధీజీపైకి లాఠీ, ఇటుక విసిరారు. అవి తృటిలో తప్పాయి. మరునాడు నగరంలో హత్యలు మొదలయ్యాయి. పారిపోతున్న నిరుపేద ముస్లిములతో నిండిన లారీపై చేతిబాంబులు పడి ఇద్దరు మరణించారు. గాంధీజీ స్వయంగా వెళ్లి ఆ మృతదేహాలను చూశారు.

రెండు వారాల శాంతి కూలిపోయినపుడు నాయకుడు సాధారణంగా తప్పును ఎదుటివారిపైకి నెడతాడు. గాంధీజీ అట్లా చేయలేదు. అద్భుతం అన్నది నిలువలేదని బాహాటంగా ప్రకటించి, 77 ఏళ్ల వయస్సులో సెప్టెంబరు 1 రాత్రి నిరాహారదీక్ష ప్రారంభించారు. వారించడానికి వచ్చిన గవర్నరు రాజాజీ, సర్వం భగవంతునికే వదిలినపుడు నీటిలో నిమ్మరసం దేనికని అడిగారు. గాంధీజీ వెంటనే తన ప్రకటన నుండి ఆ మాట కొట్టివేశారు. మిత్రుడు ఎత్తి చూపిన చిన్న లోపాన్ని సైతం సరిదిద్దుకొనే ఈ మెలకువే అహంకారానికి విరుగుడు.

దీక్ష ఫలితం క్రమంగా కనిపించింది. ఉత్తర కలకత్తాలో సుమారు 500 మంది పోలీసులు విధులు నిర్వర్తిస్తూనే 24 గంటలు ఉపవసించారు. శాంతి కోసం అల్లరి మూకలకు అడ్డు వెళ్లిన శచీన్ మిత్రా, స్మృతీశ్ బెనర్జీ ప్రాణాలర్పించారు. అల్లరి చేసినవారు కొందరు గాంధీజీ వద్దకు వచ్చి ఆయుధాలు అప్పగించారు. 4వ తేదీన హిందూ మహాసభ, ముస్లిం లీగు, సిక్కు నాయకులు దీక్ష విరమించమని కోరగా, మళ్లీ అల్లర్లు రేగితే వాటిని ఆపడానికి ప్రాణాలైనా ఒడ్డుతారా అని గాంధీజీ అడిగారు. వారు ప్రతిజ్ఞాపత్రంపై సంతకాలు చేశారు. 73 గంటల దీక్ష ముగిసింది. నిమ్మరసం అందించినది సుహ్రావర్దీయే. 7వ తేదీన గాంధీజీ ఢిల్లీకి బయలుదేరారు.

నేర్వవలసినది

పంజాబులో 55,000 మంది సైనికులున్నా అల్లర్లు ఆగలేదనీ, బెంగాలులో ఒకే వ్యక్తి శాంతిని కాపాడాడనీ మౌంట్‌బాటెన్ ఆగస్టు 26న గాంధీజీకి వ్రాశారు. అయితే దీనిని ఏకవ్యక్తి మహిమగా భావిస్తే పాఠం చేజారిపోతుంది. ద్వేషించేవారి ప్రశ్నను వినడం, తప్పు చేసినవానికి దిద్దుకొనే అవకాశం ఇవ్వడం, విజయంలో ఘనతను వదలి వైఫల్యంలో భారాన్ని మోయడం, శాంతి బాధ్యతను తన చేతిలో ఉంచుకొనక నగరవాసుల చేతిలో పెట్టడం ఆయన అవలంబించిన పద్ధతి. ఇవి మానవాతీతమైనవి కావు, ఎవరైనా అలవరచుకొనదగినవే.

ఆ శాంతి శాశ్వతం కాలేదన్నది కూడా సత్యం. 1950లోను, 1964లోను కలకత్తా మళ్లీ మతకలహాలను చవిచూసింది. కాబట్టి సామరస్యం ఒకసారి సాధించి దాచుకొనే ధనం కాదు. ప్రతి తరమూ తన వంతు కృషితో దానిని నిలుపుకోవాలి. బెలియాఘాటాలోని ఆ ఇల్లు నేడు గాంధీ భవన్ పేరుతో స్మారక ప్రదర్శనశాలగా ఉంది. తరగతి గదిలోనైనా, గ్రామంలోనైనా, శాసనసభలోనైనా నలుగురిని నడిపించవలసి వచ్చిన ప్రతివారూ తమను తాము వేసుకోదగిన ప్రశ్న ఒకటి అక్కడ ఉంది: ఈ పనిలో నా పేరు నిలవాలా, లేక పని నిలవాలా?