కారులో కార్పెట్టు... కార్పెట్టు కింద తడి!

మలేషియాలో మన తెలుగు కుటుంబం ఏదైనా సరే, వాళ్ళ కారు తలుపు తీస్తే చాలు, ఇంటి సంగతులన్నీ తెలిసిపోతాయి. వెనక సీటు కింద జంతికల ముక్కలు, పెనాంగ్ ప్రయాణానికి కట్టుకున్న పులిహోరలోంచి జారిన వేరుశనగ పలుకులు, ఉగాది సంబరాలకి గిన్నెతో తీసుకెళ్తుంటే మూత కదిలి ఒలికిన సాంబారు, పిల్లల పాలసీసా వదిలిన చారికలు. కారు మనకి వాహనం మాత్రమే కాదు, కదిలే వంటిల్లు. ఆ బరువంతా చివరికి మోసేది కాళ్ళ కింది కార్పెట్టే.

దాన్ని శుభ్రం చేసే సరుకులకి ఇక్కడ కొదవేమీ లేదు. మిస్టర్ డీఐవై, ఏస్ హార్డ్‌వేర్, ఒకప్పుడు టెస్కోగా ఉండి 2021లో పేరు మారిన లోటస్స్... ఎక్కడికి వెళ్ళినా ఒక వరుసంతా నురుగు డబ్బాలూ స్ప్రే సీసాలే. "ఏ బ్రాండ్ మంచిదండీ?" అని మనవాళ్ళు అడుగుతుంటారు. నేను కంప్యూటర్ల మనిషిని, సబ్బుల మనిషిని కాను. అయినా నా అభిప్రాయం చెబుతాను. పేరున్న డబ్బాల మధ్య పెద్ద తేడా లేదు. తేడా అంతా మనం లోపలికి పోసిన నీళ్ళు మళ్ళీ బయటికి వచ్చాయా లేదా అన్నదగ్గరే ఉంది.

ఎందుకంటారా? హైదరాబాద్‌లో ఏడాదికి సుమారు 800 మిల్లీమీటర్ల వాన పడుతుంది. కౌలాలంపూర్‌లో దానికి దాదాపు మూడింతలు. గాలిలో తేమ సగటున 80 శాతం దాకా ఉంటుంది. మన ఊళ్ళో మే నెల ఎండకి తడి దుప్పటి గంటలో పెళపెళలాడుతుంది. ఇక్కడ కాండో బేస్‌మెంట్‌లో, ఎండపొడ తగలని చోట, అద్దాలు బిగించి పెట్టిన కారులో తడి కార్పెట్టు మూడురోజులైనా ఆరదు. బూజు పట్టడానికి అంత సేపు అక్కర్లేదు. ఒకటి రెండు రోజుల తడి చాలు. ఉబ్బసం ఉన్న పిల్లవాడు రోజూ అరగంట ఆ గాలి పీలుస్తూ బడికి వెళ్తాడు. కార్పెట్టు అందం సంగతి ఆ తర్వాత.

పైకి కనిపించే కార్పెట్టు పల్చటిదే. ఎక్కువ కార్లలో అది పాలియెస్టర్‌తోనో నైలాన్‌తోనో చేసినది, త్వరగానే ఆరుతుంది. దాని కింద చప్పుడు వినపడకుండా వేసే దళసరి ఫెల్టు, ఫోము పొర ఉంటుంది. అసలు స్పాంజి అదే. బకెట్టుతో నీళ్ళు కొట్టి బ్రష్‌తో రుద్దితే మురికి కిందికి దిగి ఆ పొరలో కూర్చుంటుంది. పైన ఆరిందని మనం సంతోషిస్తాం. రెండురోజుల తర్వాత అదే మరక దీపపు వత్తిలోంచి నూనె ఎక్కినట్టు మళ్ళీ పైకి వస్తుంది. "ఈ డబ్బా పనికిరాదు" అని ఇంకోటి కొంటాం.

కాబట్టి పని ఉదయమే మొదలుపెట్టండి. ఇక్కడి ఉరుముల వాన ఎక్కువగా మధ్యాహ్నం తర్వాతే కదా! ముందు మ్యాట్లు తీసి, పొడిగా ఉండగానే వాక్యూమ్ చెయ్యాలి. ఇసుకా దుమ్మూ తడిస్తే బురదే. కొత్త నురుగైతే ముందు సీటు కింద కనపడని చోట కొద్దిగా వేసి, రంగు పోవడం లేదని చూసుకోండి. ఆ తర్వాత ఒక్కో అడుగు మేర మాత్రమే వేసి, డబ్బా మీద చెప్పినంతసేపు ఆగి, మెత్తని బ్రష్‌తో తేలిగ్గా కదిపి, పొడి మైక్రోఫైబర్ గుడ్డతో అద్దండి. రుద్దకండి, అద్దండి. చివర్లో పిండేసిన తడిగుడ్డతో ఒకసారి తుడవాలి, లేకపోతే మిగిలిన సబ్బు జిగురై కొత్త దుమ్ముని పట్టేస్తుంది. తడి పీల్చే వాక్యూమ్ దొరికితే అన్ని డబ్బాల కన్నా అదే మేలు. అపార్ట్‌మెంట్‌లో నాలుగు కుటుంబాలు కలిసి ఒకటి కొనుక్కోవచ్చు.

ఆరబెట్టడానికి తలుపులు తీసి కాసేపు ఎండలో ఉంచి, తర్వాత ఏసీ వేసి గాలి కాళ్ళవైపు వచ్చేలా పెట్టుకుని ఒక చుట్టు తిరిగి రండి. ఏసీ చల్లబరచడమే కాదు, గాలిలోని తేమని నీరుగా మార్చి బయటికి వదిలేస్తుంది. బేస్‌మెంట్‌లో మాత్రం ఇంజన్ ఆన్ చేసి కూర్చోకండి, పొగలోని కార్బన్ మోనాక్సైడ్ ప్రాణాంతకం. కార్పెట్టూ మ్యాటూ రెండూ పూర్తిగా ఆరాకే మ్యాటు మళ్ళీ వెయ్యాలి. ఇక్కడ చాలామంది వేసుకునే రబ్బరు మ్యాట్ల కింద తడి చిక్కుకుంటే వారాల తరబడి అక్కడే ఉంటుంది.

పిల్లలూ, ఈ భాగం మీకు! చిటికెడు పసుపు నీళ్ళలో కలిపి, తెల్లకాగితం మీద రాసి ఆరనివ్వండి. దాని మీద వంటసోడా కలిపిన నీళ్ళ చుక్క వెయ్యండి. పసుపుపచ్చ కాస్తా ఎర్రబడుతుంది. ఇప్పుడు నిమ్మరసం చుక్క వేస్తే మళ్ళీ పసుపే! పెళ్ళిళ్ళలో కాళ్ళకి పెట్టే పారాణి రహస్యం ఇదే, అక్కడ పసుపుకి సున్నం కలుపుతారు. పసుపులోని కర్కుమిన్ అనే పదార్థం క్షారం తగిలితే ఎరుపెక్కుతుంది. సాంబారు మరక మీద అమ్మ వంటసోడా చల్లబోతుంటే ఇప్పుడు మీరే ఆపవచ్చు.

పెద్దవాళ్ళకి మిగతా సగం. సాంబారు, ఆవకాయ మరకల్లో ముందు నూనె పోవాలి. దానికి గిన్నెలు తోమే ద్రవం రెండు చుక్కలు గ్లాసుడు నీళ్ళలో చాలు. మిగిలిన పసుపు రంగు ఎండకి మెల్లగా వెలుస్తుంది. మరక ఎర్రబడినా కంగారు వద్దు, నీళ్ళు కలిపిన వెనిగర్ అద్దితే వెనక్కి వస్తుంది. వెనిగరూ సోడా కలిపి పొంగిస్తే మహిమ అనుకుంటారు కానీ, అవి ఒకదాన్నొకటి నిర్వీర్యం చేసుకుంటాయి, మిగిలేది ఉప్పునీళ్ళే. పాలు ఒలికితే వేడినీళ్ళు వద్దు, చల్లటి నీళ్ళే. తర్వాత ఎంజైమ్ ఉన్న క్లీనర్, పెంపుడు జంతువుల దుకాణాల్లో దొరుకుతుంది. మాంగోస్టీన్ తొక్క రసం పడితే ఎండకముందే అద్దెయ్యాలి. ఇక్కడి హోటళ్ళు దురియన్‌తోపాటు దాన్నీ గదుల్లోకి రానివ్వకపోవడం ఊరికే కాదు. దురియన్ వాసనకి కారు అద్దాలు దించడమే మందు. స్థానిక డ్రైవర్లు కారులో పాండాన్ ఆకుల కట్ట పెట్టుకుంటారు, పరిమళం బాగుంటుంది. అది వాసనని కప్పుతుందే తప్ప తీసెయ్యదు.

కొత్తగా వచ్చినవాళ్ళకి లేబుళ్ళ సంగతి. వంటసోడా కావాలంటే "సోడా బికార్బొనాట్" అని రాసినది తీసుకోండి. "సెర్బుక్ పెనాయిక్" అంటే బేకింగ్ పౌడర్. అందులో పిండిపదార్థం కలుస్తుంది, కార్పెట్టులో అది బూజుకి విందుభోజనం. సోడా అయినా పొడి కార్పెట్టు మీద వాసన కోసం రాత్రి చల్లి పొద్దున వాక్యూమ్ చెయ్యడానికే. "చుకా" అంటే వెనిగర్, "పెలుంతుర్" అంటే బ్లీచ్. బ్లీచ్ కారులోకి అసలు వద్దు. రంగు పోవడం ఒక్కటే కాదు, వెనిగర్‌తో కలిస్తే క్లోరిన్ వాయువు వస్తుంది, కారేమో చిన్న గది. "మూడా తెర్బాకార్" అని ఉన్న స్ప్రే డబ్బాలు నిప్పంటుకునేవి, ఎండలో ఆపిన కారులో వదలకండి.

వాసన పోవాలని నాఫ్తలీన్ ఉండలు కూడా సీటు కింద పెడుతుంటారు. ఇక్కడి ఆస్పత్రుల్లో పుట్టగానే బిడ్డకి జీ6పీడీ పరీక్ష చేస్తారని తల్లులకి తెలుసు. ఆ లోపం ఉన్న పిల్లల్లో నాఫ్తలీన్ ఎర్ర రక్తకణాలని దెబ్బతీస్తుంది. అల్మారాలో పెట్టే తేమపీల్చే డబ్బాలు కూడా కారుకి తగవు. అందులోని కాల్షియం క్లోరైడ్ నీరై ఒలికితే ఆ చోటు ఇక ఆరదు, గాలిలోంచి తడిని లాగుతూనే ఉంటుంది.

ఎంత తుడిచినా కార్పెట్టు మళ్ళీ తడుస్తుంటే అది శుభ్రం చేసే సమస్య కాదు, డీబగ్ చేసే సమస్య. మా వృత్తిలో లాగే, ఎప్పుడు తడుస్తోందో ముందు చూడాలి. వాన పడ్డాకే అయితే తలుపు రబ్బరో, సన్‌రూఫ్ గొట్టమో. వాన లేకుండా, ముందు ఎడమవైపు మాత్రమే, వాసన లేని నీళ్ళయితే ఎక్కువసార్లు ఏసీ నీళ్ళు బయటికి పోయే గొట్టం మూసుకుపోయి ఉంటుంది. ఏసీ వేసుకుని తిరిగొచ్చి ఆగితే కారు కింద చిన్న మడుగు కనిపించాలి. అది లేదంటే నీళ్ళు లోపలికే వస్తున్నాయన్నమాట. వర్క్‌షాప్‌లో చిన్న పనే.

ఇక వరదనీళ్ళు. 2021 డిసెంబర్ 18న క్లాంగ్ లోయలో నెల రోజుల వాన ఒక్కరోజులో కురిసింది. షా ఆలమ్‌లోని తామన్ శ్రీ ముడా మునిగిపోయింది. ఆ వరదల్లో యాభైమందికి పైగా చనిపోయారు, కార్లు లెక్కలేనన్ని నీటపాలయ్యాయి. వరదనీళ్ళు దిగిన కార్పెట్టుకి దుకాణం డబ్బా సరిపోదు. అందులో మురుగు ఉంటుంది, ఎలుకల మూత్రంతో వచ్చే లెప్టోస్పైరోసిస్ క్రిములు ఉండవచ్చు. కార్పెట్టు కింద వైర్లూ, కొన్ని కార్లలో ఎయిర్‌బ్యాగ్ కనెక్షన్లూ ఉంటాయి. సీట్లు విప్పి, కింది పొరతో సహా మార్చించాల్సిందే. ఇక్కడ కాంప్రిహెన్సివ్ బీమా ఉన్నా వరద నష్టానికి సాధారణంగా "స్పెషల్ పెరిల్స్" విడిగా చేర్చుకోవాలి. రెన్యూవల్ కాగితం ఒకసారి తీసి చూడండి.

రెండుమూడేళ్ళ కాంట్రాక్టు మీద వచ్చి పాత కారు కొనే కుటుంబాలు మనలో ఎక్కువ. బేరం మొదలుపెట్టే ముందు కార్పెట్టు అంచు ఎత్తి కింది ఫెల్టుని చేత్తో నొక్కండి. చెమ్మగా ఉందా, ఒండ్రు అంటుతోందా? సీటు బోల్టులకి తుప్పుందా? సీటుబెల్టు చివరిదాకా లాగితే నీటిచార కనిపిస్తుందా? కారు పాతదై, కార్పెట్టు మాత్రం కొత్తగా మెరిసిపోతూ సెంటు వాసన గుప్పుమంటుంటే ఎందుకని అడగండి.