ఒకే మాట, రెండు స్కానర్లు

అమెరికాలో అగ్నిమాపక దళముల రేడియో సంభాషణలను వినుట పలువురికి ఒక వ్యాసంగము. ఇందుకు వాడు యంత్రమునకు స్కానరు అని పేరు. ఇది చేతిలో ఇముడును. అనేక పౌనఃపున్యములను ఒకదాని వెంట ఒకటి వెదకుచు, సంభాషణ జరుగుచున్న చోట నిలిచి దానిని వినిపించును. ఒకే బల్లపై రెండు స్కానర్లను ఉంచినపుడు, ఒకదానిలో మాట స్పష్టముగను, రెండవదానిలో ముక్కలు ముక్కలుగను వినవచ్చుట కలదు. రెండును డిజిటల్ యంత్రములే. అంకెలు ఎవరికైనను ఒకటే కదా! మరి ఈ భేదమెక్కడిది?

మాటను వర్ణించి పంపుట

పాత పద్ధతిలో మాట యొక్క తరంగరూపమునే రేడియో తరంగముపై ఎక్కించి పంపెదరు. అమెరికాలో రక్షక దళముల కొరకు 1989లో ఆరంభమైన ‘ప్రాజెక్టు 25’ పద్ధతిలో అట్లు కాదు. సాధారణ డిజిటల్ టెలిఫోనులో మాటను సెకనుకు 8,000 మారులు కొలిచి, ఒక్కొక్క కొలతను 8 బిట్లలో వ్రాయుదురు. అనగా సెకనుకు 64,000 బిట్లు. ప్రాజెక్టు 25 తొలి దశ ప్రమాణములో మాటకు దక్కునవి 4,400 బిట్లే. ఇంత పొదుపు ఎట్లు సాధ్యము?

ఇందులకు వోకోడరు అను సాధనము కలదు. అది మాటను 20 మిల్లీసెకన్ల తునకలుగా కోసి, ప్రతి తునకలో మూడు సంగతులు గమనించును: గొంతు యొక్క స్థాయి యెంత, ఏ పౌనఃపున్య భాగములలో నాదమున్నది, ఒక్కొక్క భాగము ఎంత బలముగా నున్నది. మన వ్యాకరణములో క, త, ప మొదలగునవి పరుషములు. గ, ద, బ మొదలగునవి సరళములు. సరళములను పలుకునపుడు స్వరతంతువులు కంపించును, పరుషములను పలుకునపుడు కంపింపవు. వోకోడరు గుర్తించు నాదము ఈ కంపనమే. గ్రాహకము ఈ వివరములను చదివి మాటను క్రొత్తగా తయారు చేయును. వంటకమును పంపక, వండు విధమును చీటీపై వ్రాసి పంపినట్లన్నమాట.

చీటీలో అక్షరము చెరిగిన వంట చెడును. కనుక ప్రతి తునకలోని 88 బిట్లకు 56 రక్షక బిట్లను చేర్చెదరు. మిక్కిలి ముఖ్యమైన 48 బిట్లను పన్నెండేసి చొప్పున నాలుగు గుంపులు చేసి, ఒక్కొక్క గుంపును 23 బిట్లుగా పెంచెదరు. దీనిని గోలే సంకేతమందురు. ఇందులో మూడు బిట్లు తప్పినను సరిదిద్దవచ్చును. తరువాతి 33 బిట్లను పదకొండేసి చొప్పున హామింగ్ సంకేతముతో 15 బిట్లుగా పెంచెదరు. ఇందులో ఒక తప్పును దిద్దవచ్చును. చివరి 7 బిట్లకు రక్షణ లేదు. 92, 45, 7 కలిపిన 144. సెకనుకు 50 తునకలు కనుక మొత్తము 7,200 బిట్లు.

ఈ బిట్లు సరిగా చేరినచో, ఏ స్కానరైనను ఇంచుమించు ఒకే మాటను తయారుచేయును. కనుక భేదము బిట్లను పట్టుకొనుటకు ముందైన నుండవలెను, మాట తయారైన తరువాతనైన నుండవలెను.

గోపురములు ఎక్కువైన చోట

పెద్ద నగరములలో పలు గోపురముల నుండి ఒకే సంభాషణను ఒకే పౌనఃపున్యముపై ఒకేసారి ప్రసారము చేయుదురు. తొలి దశ ప్రమాణములో సెకనుకు 4,800 చిహ్నములు వచ్చును; ఒక్కొక్క చిహ్నము నిలుచు కాలము సుమారు 208 మైక్రోసెకన్లు. ఒక గోపురము రెండవదానికంటె 15 కిలోమీటర్లు దూరముగా నున్నచో, దాని తరంగము 50 మైక్రోసెకన్లు ఆలస్యముగా చేరును. అనగా చిహ్నములో నాలుగవ వంతు! ఒక చిహ్నపు తోక తరువాతి చిహ్నముపై పడును. కొన్ని చోట్ల రెండు తరంగములు ఒకదానినొకటి రద్దు చేసికొనును. అందుచేతనే స్కానరుపై సంకేతబలము నిండుగా కనబడుచున్నను మాట విరిగిపోవుచుండును.

ఇట్టి వ్యవస్థలలో పెక్కింట తరంగము యొక్క దశతో పాటు కంపన పరిమితియు మారుచుండును. పాత స్కానర్లు ఎఫ్.ఎమ్. గ్రాహకముల వలె పరిమితిలోని మార్పును కోసివేసి, పౌనఃపున్యపు మార్పునే చూచును. ఆ సమాచారము అక్కడనే పోవును. 2018లో యూనిడెన్ సంస్థ విడుదల చేసిన ఎస్‌డిఎస్ 100 అను చేతి స్కానరు తరంగమును పరస్పరము లంబముగా నుండు రెండు అంశములుగా విడదీసి, దశను, పరిమితిని రెండింటిని లెక్కకు తెచ్చును. ఏకకాల ప్రసారములను వినుటలో దాని మేలు ఇందువలననే. పాత స్కానరు గలవారు ఒక గోపురము వైపే తిరుగు ఏంటెనా వాడియో, స్కానరును కొన్ని అడుగులు జరిపియో కొంత లాభము పొందగలరు.

తప్పులు దిద్దుటకు వీలుకానంత పెరిగినపుడు యంత్రము ముందటి తునకనే మరల వినిపించును. అప్పటికిని కుదరనిచో మౌనము వహించును. పాత రేడియోలో సంకేతము బలహీనమైన కొలది బుసబుస పెరుగును, అయినను మాట కొంత తెలియును. డిజిటల్ మాట చివరివరకు బాగుగా నుండి, గట్టు అంచునుండి పడినట్లు ఒక్కసారిగా పోవును.

మాట తయారైన తరువాత

చిన్న స్పీకరు మంద్ర ధ్వనులను సరిగా పలికించలేదు. ఇంతేకాక, బిగ్గరగా వినవచ్చు దానిని మన చెవి మేలైనదిగా భ్రమించును. కనుక స్కానర్లను పోల్చువారు ఒకే చోట, ఒకే సంభాషణను, ఒకే బిగ్గర స్థాయిలో, ఒకే హెడ్‌ఫోనుతో వినవలెను. ఏది ఏ యంత్రమో వినువానికి తెలియరాదు.

ఏ స్కానరును సవరించలేని లోపము మరొకటి కలదు. వోకోడరు మనిషి గొంతును ఊహించి నిర్మించినది. మంటలలో నిలిచి మాటలాడు వాని ప్రక్కన రంపపు యంత్రము, అపాయ సూచక గంట మ్రోగుచున్నపుడు అది తికమకపడును. అమెరికా వాణిజ్యశాఖ పరిశోధకులు 2008లో ప్రచురించిన పరీక్షలలో, కొన్ని రకముల రొదలో డిజిటల్ మాట పాత పద్ధతి కంటె తక్కువగా బోధపడినట్లు తేలినది. వ్యాసంగముగా వినువానికి ఇది చిన్న చికాకు. పొగలో చిక్కుకొని సహాయము కోరువానికి ప్రాణములతో పని.

తరగతిలో ఒక పరీక్ష

ఆ పరిశోధకులు వాడినది ప్రాస పదముల పరీక్ష. దీనిని మన తరగతిలోను చేయవచ్చును. కాడి, గాడి, తాడి, దాడి, నాడి, పాడి అను ఆరు పదములను పలకపై వ్రాయుడు. మన చేతి ఫోనులలోను మాట ఇట్లే కుదింపబడి ప్రయాణించును. కనుక ఒక విద్యార్థి వేరొక గదిలో నిలిచి, ఫోనులో ఈ పదములను క్రమము లేకుండ అరువది మారులు చదువవలెను. తక్కినవారు తమకు వినబడినదానిని వ్రాయవలెను. తరువాత అతని ప్రక్కన మిక్సీ నడుపుచు పరీక్షను మరల జరుపుడు.

గ్రుడ్డిగా ఊహించినను ఆరింట ఒకటి సరిపోవును గనుక, ఒప్పుల సంఖ్యలో నుండి తప్పులలో ఐదవ వంతును తీసివేయవలెను. 45 ఒప్పులు, 15 తప్పులు వచ్చినచో అసలు విలువ 42. కాడికి గాడి, తాడికి దాడి అని ఎందరు పొరబడిరో వేరుగా లెక్కించుడు. రొదలో పరుష సరళముల భేదము ఎంతవరకు నిలిచినదో ఆ లెక్కయే చెప్పును. ధ్వని బాగున్నదా అని అడిగిన ఒక్కొక్కరు ఒక్కొక్క మాట చెప్పుదురు. ఎన్ని పదములు సరిగా చేరినవి అని అడిగిననే కొలత దొరకును.